పేటెంటు తగవా, పేటెంటు యుద్ధమా?

సందేహం: గుండె కవాటాలు తయారుచేసే రెండు కంపెనీలు పేటెంటు విషయమై కోర్టుకెక్కిన పాత కథనాన్ని తెలుగు చేస్తూ ‘పేటెంటు తగవు’ అని శీర్షిక పెట్టాను. తగవు అనేది వీధి కొట్లాటలకు వాడే నాటుమాట అంటూ మా సంపాదకులు దాన్ని ‘పేటెంటు యుద్ధం’గా మార్చారు. లోపల ‘సాంకేతికత చౌర్యం’ అని కూడా చేర్చారు. తగవు అనడం తప్పా? వివాదం, వ్యాజ్యం, దావాలలో ఏది సరైనది?

సమాధానం: తప్పు కాదు. ఈ సందర్భానికి తెలుగులో ఇంతకంటే నిండైన మాట దొరకడం కష్టం. దానికి నాటుమాట అని పేరు పెట్టి పక్కకు నెట్టడం చూస్తే బాధ కలుగుతుంది.

తగవు అచ్చతెలుగు మాట. తగు, తగిన, తగని అనేవాటితో పాటు ఒకే కుదురు నుంచి వచ్చింది. ఏది తగునో అది తగవు. అంటే న్యాయం, ఔచిత్యం. కలహమనే అర్థం తర్వాత వచ్చి చేరింది. తిక్కన భారతం చదివేవారికి ఇది కొత్త సంగతి కాదు. ఉద్యోగపర్వంలో రాయబారాలు నడుస్తున్నంతసేపూ ఎవరికి ఏది చెల్లుతుంది, ఎవరు ఎంతవరకు అడగవచ్చు అన్నదే కదా చర్చ! అలాంటి చోట్ల తిక్కనగారి తగవును ‘జగడం’ అని చదివితే పద్యం తలకిందులవుతుంది, ‘న్యాయం’ అని చదివితే వెలుగుతుంది. ఆయన నెల్లూరు మనుమసిద్ధి కొలువులో మంత్రి. దాయాదులు రాజ్యాన్ని కాజేసినప్పుడు తన ప్రభువు పక్షాన కాకతి గణపతిదేవుని వద్దకు తానే వెళ్లి సాయం అర్థించాడని పెద్దలు చెబుతారు. న్యాయం కోసం మరొకరి ముంగిట నిలబడి మాట్లాడటమంటే ఏమిటో తెలిసిన కవి కలానికి తగవు అన్న మాట అంత సహజంగా రావడంలో వింత లేదు.

ఆ పాత అర్థం నేటికీ పూర్తిగా చావలేదు. ‘తగవు చెప్పండి’ అని పెద్దమనిషిని అడిగేవారు జగడమాడమని కోరడం లేదు, ఏది న్యాయమో చెప్పమంటున్నారు. ‘తగవు పడ్డారు’ అన్నప్పుడు మాత్రం కొత్త అర్థం. నిఘంటువుల్లో ‘తగవరి’ అనే ముచ్చటైన మాట ఉంది: న్యాయశీలి, మధ్యస్థుడు అని అర్థం. న్యాయం కోరుతూ పదిమంది ముందుకు తెచ్చిన విషయానికే క్రమంగా తగవు అని పేరు పడి, అక్కడి నుంచి కలహమనే అర్థం స్థిరపడి ఉంటుందని నా ఊహ. తగాదాను మాత్రం దీని చుట్టంగా భావించకండి. అది హిందుస్తానీ నుంచి వచ్చింది, అప్పు తీర్చమని ఒత్తిడి చేయడం దాని మొదటి అర్థం.

ఇప్పుడు మీ కవాటాల కథ చూద్దాం. ఛాతీని తెరవకుండా రక్తనాళం గుండా గుండెలోకి పంపే కవాటాల విషయంలో ఎడ్వర్డ్స్, మెడ్‌ట్రానిక్ కంపెనీలు ఏళ్లపాటు కోర్టుల చుట్టూ తిరిగాయి. 2014 మేలో రాజీ కుదిరింది. మెడ్‌ట్రానిక్ 75 కోట్ల డాలర్లు ఒకేసారి చెల్లించడానికి, ఆపైన 2022 వరకు రాయల్టీ ఇవ్వడానికి ఒప్పుకుంది. మధుమేహ రోగుల చక్కెరను నిరంతరం కొలిచే పరికరాల మీద తలపడిన ఆబట్, డెక్స్‌కామ్ కంపెనీలు కూడా 2024 డిసెంబరులో రాజీపడి, పదేళ్లపాటు ఒకదానిపై ఒకటి దావా వేయరాదని అంగీకరించాయి. ఎవరి హక్కు ఎంతవరకు, ఎవరికి ఎంత చెల్లాలి అన్నదే రెండుచోట్లా ప్రశ్న. ‘తగవు తీరింది’ అంటే ఈ ముగింపు కూడా మాటలో ఇమిడిపోతుంది. ‘యుద్ధం’ అని మొదలుపెట్టినవారు చివరికి ఏమని రాస్తారు? ఎన్నికకు సమరం, ఆటకు పోరు, ధరలకు యుద్ధం అంటూ పత్రికలవారు ఆయుధాగారాన్నంతా శీర్షికల్లోకి దించేశారు. నిజమైన యుద్ధం గురించి రాయవలసి వచ్చిన రోజున మాటకు బలం ఎక్కడి నుంచి తెస్తారు?

‘చౌర్యం’ ఇంకా పెద్ద పొరపాటు. పేటెంటు అన్న మాటకు లాటిన్ మూలంలో తెరిచి ఉన్నదని అర్థం. కొత్త కల్పనను దాచుకోకుండా లోకానికి వివరంగా వెల్లడించినందుకు బదులుగా, సాధారణంగా దరఖాస్తు నాటి నుంచి 20 ఏళ్లపాటు, ఇతరులు దాన్ని వాడుకోకుండా వారించే హక్కు లభిస్తుంది. అవతలి కంపెనీ ఇంజనీరు ఆ పత్రాన్ని ఎన్నడూ చూడకుండా సొంత బుద్ధితోనే అదే పరికరాన్ని రూపొందించినా, ఆ హక్కు పరిధిలోకి వస్తే అది ఉల్లంఘనే కావచ్చు. అతణ్ణి దొంగ అనడం ఎలా న్యాయం? మనువు చెప్పిన పద్దెనిమిది వివాదపదాల్లో, అంటే వివాదానికి దారితీసే అంశాల్లో, కూడా స్తేయం, అంటే దొంగతనం, వేరుగా ఉన్న ఒక అంశం మాత్రమే.

ప్రతివాది సమాధానాలకు కూడా మనకు పాత పేర్లున్నాయి. యాజ్ఞవల్క్య స్మృతికి విజ్ఞానేశ్వరుడు రాసిన మితాక్షర వ్యాఖ్య ఉత్తరాన్ని, అంటే ప్రతివాది ఇచ్చే జవాబును, నాలుగు విధాలుగా విభజించింది. ‘మా పరికరం మీ హక్కు పరిధిలోకి రాదు’ అంటే మిథ్యోత్తరం. ‘పోలిక నిజమే కానీ, మీ పేటెంటే చెల్లదు’ అనడం ప్రత్యవస్కందనానికి దగ్గరగా ఉంటుంది. ఒప్పుకుంటే సత్యోత్తరం, ఇదివరకే తీర్పు వచ్చిందంటే ప్రాఙ్న్యాయం. ఈ మితాక్షరను 13వ శతాబ్దంలోనే కేతన ‘విజ్ఞానేశ్వరీయము’ పేరుతో తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. తన దశకుమారచరిత్రను తిక్కనకు అంకితమిచ్చిన కేతనే ఈయన. న్యాయశాస్త్ర పరిభాషకు తెలుగు పనికిరాదనేవారు ముందు ఆ పుస్తకం తెరవాలి.

మిగిలిన మాటలు: వివాదం అంటే భిన్నంగా పలకడం, కోర్టుకు వెళ్లకపోయినా వాడవచ్చు. దావా అరబ్బీ మూలం నుంచి వచ్చి మనలో కలిసిపోయింది, కోర్టులో దాఖలు చేసినదానికే వాడాలి. వ్యాజ్యం కూడా అంతే. దీన్ని నెపమనే అర్థమున్న ‘వ్యాజం’తో ముడిపెట్టేవారున్నారు. కావచ్చు.

న్యాయపత్రాల అనువాదమైతే ‘వివాదం’ అనడమే క్షేమం, ఇతర పత్రాలతో పొంతన ఉంటుంది. వార్తాశీర్షికకు మీ ‘తగవు’ చక్కగా సరిపోతుంది. సంపాదకులు అంగీకరించకపోతే ‘వివాదం’ దగ్గర సర్దుకోండి, పట్టుబట్టవలసినంత భేదం లేదు. ‘చౌర్యం’ మాత్రం తీసివేయించండి.