కండోమ్ చిరగడానికి కొబ్బరినూనే కారణం

కొబ్బరినూనె రాసుకుంటే రెండుసార్లు కండోమ్ చిరిగిందని రాశారు. కండోమ్ తయారయ్యే లేటెక్స్ రబ్బరు నూనె తగిలితే కొద్ది నిమిషాల్లోనే బలం కోల్పోతుంది కనుక, కారణం చాలావరకు అదే.

1. నీటితో చేసిన లూబ్రికెంట్ (జారుడునిచ్చే) జెల్ వాడండి. డాక్టర్ చీటీ అక్కర్లేదు. బొబ్బిలిలో అందరూ తెలిసినవాళ్లేనన్న మొహమాటం సహజమే. విజయనగరం వెళ్లినప్పుడు కొనుక్కోండి.

2. చాలామంది మరిచిపోయేది ఇది: జెల్ కొన్నప్పటికీ, తలకు నూనె రాసుకున్న చేత్తోనే కండోమ్ తొడిగితే మళ్లీ అదే జరుగుతుంది కాబట్టి, వేళ్ల సందుల్లో జిడ్డు పోయేదాకా సబ్బుతో చేతులు కడుక్కోండి. వాసెలిన్, బాడీ లోషన్ కూడా పనికిరావు.

3. జెల్ మధ్యలో ఆరిపోతే మళ్లీ కొంచెం రాయండి. మంట పుడితే కడిగేయండి.

చివరిసారి చిరిగి 72 గంటలు దాటకపోతే, గర్భం వద్దనుకుంటే, అత్యవసర గర్భనిరోధక మాత్ర కోసం ఈ రోజే వెళ్లండి. ఆలస్యమయ్యేకొద్దీ దాని ప్రభావం తగ్గుతుంది.