రోకలి నిలబడటానికి గ్రహణం అక్కరలేదు

ప్రశ్న: వినగానే నమ్మబుద్ధి కాని, అయినా నిజమైన విషయం ఏదైనా మీ అనుభవం నుంచి చెప్పగలరా? చరిత్ర, విజ్ఞానం, ఆచారాలు, శరీరం, దేనికి సంబంధించినదైనా సరే.

నేను చెప్పదలచుకున్నది మా గుంటూరులో 1868లో జరిగిన సంగతి. అయితే దాని విలువ నాకు తెలిసివచ్చింది మా నాయనమ్మ రోకలి వల్ల కాబట్టి ముందు ఆ రోకలి గురించే చెప్పాలి.

1980 ఫిబ్రవరి 16, శనివారం మధ్యాహ్నం సూర్యగ్రహణం పట్టింది. సంపూర్ణ గ్రహణం కనిపించే దారి కర్ణాటక నుంచి తెలంగాణ మీదుగా ఒడిశా వైపు సాగింది. హైదరాబాదుకు దగ్గరలోని జాపాల-రంగాపూర్ వేధశాల ఆ దారిలోనే ఉండటంతో శాస్త్రజ్ఞులు అక్కడ చేరారు. గుంటూరు దగ్గరి మా పల్లెలో సూర్యుడు పూర్తిగా మూసుకుపోలేదు గాని చాలా భాగం మరుగునపడ్డాడు. నాకు అప్పటికి తొమ్మిదేళ్ళు. ఆవకాయ జాడీల మీద, పెరుగు గిన్నె మీద దర్భపోచలు వేసి, పట్టు స్నానాలు ముగించి, తలుపులు బిగించుకుని అందరం లోపల కూర్చున్నాము. వీధిలో నరమానవుడు లేడు.

అప్పుడు నాయనమ్మ ఇత్తడి తాంబాళంలో నీళ్ళు పోసి, దాని నడుమ వడ్లు దంచే రోకలిని నిలువుగా పెట్టి, మెల్లగా చేతులు వదిలింది. రోకలి నిలబడింది. పట్టు ఉన్నంతసేపే అలా నిలబడుతుందని, విడుపు కాగానే దానంతట అదే పడిపోతుందని పెద్దలు చెప్పారు. అది పడిపోవడం మాత్రం మేమెవరమూ చూడలేదు. విడుపు స్నానాల హడావిడిలో ఎవరో దాన్ని తీసి మూలన పెట్టేశారు.

మరునాడు ఆదివారం, బడి లేదు. నేను అదే తాంబాళంలో నీళ్ళు పోసి అదే రోకలిని నిలబెట్టబోతే రెండుసార్లు నా మీదికే ఒరిగి, మూడోసారి నిలబడింది. నాయనమ్మను కేకేసి చూపిస్తే ఆమె కాసేపు దాన్నే చూసి, "నిన్నటి విడుపు ఇంకా పూర్తి కాలేదేమోరా" అన్నది. సంగతేమిటంటే రోకలి అడుగున ఇనుప పొన్ను బల్లపరుపుగా ఉంటుంది. బరువంతా ఆ చిన్న వృత్తం దాటిపోకుండా ఓపికగా సరిచేయగలిగితే అది ఏ తిథినాడైనా నిలబడుతుంది. మామూలు రోజుల్లో ఆ పని చేసి చూడాలని ఎవరికీ తోచదు, అంతే.

ఇక గుంటూరు సంగతి. 1868 ఆగస్టు 18న సంభవించిన సంపూర్ణ సూర్యగ్రహణం చాలా దీర్ఘమైనది; అది బాగా ఎక్కువసేపు ఉన్నచోట 6 నిమిషాల 47 సెకన్లు కొనసాగింది. దాని దారిలో మచిలీపట్నం, గుంటూరు రెండూ ఉన్నాయి. దాన్ని పరిశీలించడానికి ఫ్రాన్సు నుంచి పియర్ జాన్సెన్ అనే ఖగోళ శాస్త్రజ్ఞుడు గుంటూరు వచ్చి, అక్కడ నివసిస్తున్న ఒక ఫ్రెంచి వర్తకుని మేడలో దిగాడు. మేజర్ టెనెంట్ నాయకత్వంలో ఒక బ్రిటిష్ బృందం కూడా ఆ ఊళ్ళోనే మకాం వేసింది. ఊరంతా తలుపులు వేసుకుని ఉండగా ఈ పరదేశులు మాత్రం దుర్భిణులు ఎక్కుపెట్టి కూర్చున్న దృశ్యాన్ని నేను చాలాసార్లు ఊహించుకున్నాను.

సంపూర్ణ గ్రహణ సమయంలో చంద్రుని అంచు చుట్టూ ఎర్రని జ్వాలల వంటి ఆకారాలు కనిపిస్తాయి. అవి ఏమిటో అప్పటికి ఎవరికీ నిశ్చయంగా తెలియదు. జాన్సెన్ ఆ వెలుగును, కాంతిని రంగులుగా విడదీసి చూపే వర్ణపటదర్శినిలో చూసినప్పుడు, ఇంద్రధనుస్సు లాంటి పట్టీకి బదులు విడివిడిగా ప్రకాశించే గీతలు కనిపించాయి. అంటే అవి వేడికి ప్రకాశించే వాయువులని, ముఖ్యంగా హైడ్రోజన్ అని తేలింది. అంతకన్నా గొప్ప సంగతి ఆ తరువాత జరిగింది. ఆ గీతలు ఎంత కాంతిమంతంగా ఉన్నాయంటే, గ్రహణం లేకపోయినా వాటిని చూడవచ్చునని ఆయనకు అక్కడే తోచింది. ఆకాశపు వెలుగును వర్ణపటదర్శిని పొడవాటి పట్టీగా పరిచి పలుచన చేస్తుంది, కాని జ్వాలల వెలుగు రెండు మూడు గీతల్లోనే కుదించుకుని ఉంటుంది కాబట్టి పలుచబడదు. ఆ సాయంత్రం మబ్బులు అడ్డుపడగా, మరునాటి ఉదయం ఆయన ఆ పద్ధతిని ప్రయత్నించి చూశాడు. గ్రహణం గడిచిపోయిన మామూలు సూర్యుని అంచునే ఆ జ్వాలలు కనిపించాయి. అంతవరకు గ్రహణం కోసం సముద్రాలు దాటి వచ్చి, కొన్ని నిమిషాలు మాత్రమే చూడగలిగిన వాటిని, ఆయన గుంటూరులో రెండు వారాలకు పైగా తీరికగా పరిశీలించాడు.

అక్కడ లండన్లో యుద్ధ శాఖలో గుమాస్తాగా పనిచేస్తూ తీరిక వేళల్లో ఆకాశాన్ని పరిశీలించే నార్మన్ లాకియర్, జాన్సెన్ పద్ధతి సంగతి తెలియకుండానే అక్టోబరు 20న అదే పద్ధతిలో అవే గీతలను చూశాడు. జాన్సెన్ ఉత్తరం ఓడల మీద పారిస్ చేరేసరికి వారాలు పట్టింది. ఫ్రెంచి విజ్ఞాన అకాడమీలో ఇద్దరి వార్తలూ 1868 అక్టోబరు 26న, ఒకే సమావేశంలో చదివారు. ఎవరు ముందన్న తగవు పెట్టుకోకుండా ఫ్రెంచి ప్రభుత్వం 1872లో ఇద్దరి ముఖాలూ ఒకే పతకం మీద ముద్రించింది.

"హీలియంను గుంటూరులోనే కనుగొన్నారు" అని మా ఊరివాళ్ళం గొప్పగా చెప్పుకుంటాము. నేనూ చాలాకాలం చెప్పుకున్నాను. అది సగమే నిజం. ఆ గ్రహణంలో చాలామంది ఒక పసుపు గీతను చూసి సోడియం గీత అనుకున్నారు. మచిలీపట్నంలో ఉన్న మద్రాసు వేధశాల అధిపతి పాగ్సన్‌కు మాత్రం అది సోడియం గీత ఉండవలసిన చోట సరిగ్గా లేదన్న అనుమానం కలిగింది. జాన్సెన్ కొత్త మూలకమని ఎక్కడా ప్రకటించలేదు. సోడియం గీతల తరంగదైర్ఘ్యం 589.0, 589.6 నానోమీటర్ల దగ్గర ఉంటే ఇది 587.6 దగ్గర ఉందని, కాబట్టి భూమి మీద ఎవరూ ఎరుగని పదార్థానిదని పట్టుబట్టినవాడు లాకియర్. దానికి సూర్యుని గ్రీకు పేరైన హీలియోస్ మీదుగా హీలియం అని పేరు వచ్చింది. అది లోహమై ఉంటుందనుకోవడం వల్లే సోడియం, పొటాషియం లాగా చివర "ఇయం" చేరింది. దాని తోటి జడవాయువులైన నియాన్, ఆర్గాన్, క్రిప్టాన్ పేర్లు వేరే తీరులో ఉండటం అందుకే. 1895లో విలియం రాంసే ఒక యురేనియం ఖనిజం నుంచి వెలువడిన వాయువులో ఆ పసుపు గీతను చూసేవరకు, అంటే 27 ఏళ్ళపాటు, ఆ పదార్థం సూర్యునిలోనే ఉన్నదనుకున్నారు. కాబట్టి గుంటూరుకు దక్కవలసిన నిజమైన ఖ్యాతి, గ్రహణం లేకుండానే సూర్యజ్వాలలను చూసే పద్ధతి మొదట అక్కడ ఫలించిందన్నది. నా దృష్టిలో అది హీలియం కన్నా తక్కువదేమీ కాదు.

మరొక్క సంగతి మా మేనత్తది. 1980 గ్రహణమప్పుడు ఆమెకు ఏడో నెల. పుట్టబోయే బిడ్డకు పెదవి చీలకుండా ఉండాలని, కదలకుండా వెల్లకిలా పడుకోమని ఆమెను నడిమి గదిలో ఉంచారు. ఆ చీలికను మనం "గ్రహణం మొర్రి" అనే అంటాము కదా. వైద్యం ప్రకారం పై పెదవి కలిసిపోయేది గర్భం వచ్చిన నాలుగో వారానికీ ఏడో వారానికీ మధ్యనే. ఏడో నెలలో ఏ గ్రహణమూ చేయగలిగింది లేదు. నన్ను ఎక్కువగా ఆశ్చర్యపరిచినది వేరే ఉంది. మనతో ఏ సంబంధమూ లేని మెక్సికోలో కూడా ఇదే నమ్మకం ఉన్నది. అక్కడి పూర్వకాలపు అజ్టెక్ గర్భిణులు గ్రహణమప్పుడు నల్లని అగ్నిశిల ముక్కను ఒంటిమీద ఉంచుకునేవారట. ఇప్పటివాళ్ళు బట్టలకు పిన్నీసు పెట్టుకుంటారు.

పెద్దల మాటల్లో సూర్యుని వంక చూడవద్దన్నది మాత్రం అక్షరాలా పాటించవలసినదే. కంటి లోపలి నేత్రపటలానికి నొప్పి తెలిపే నాడులు లేవు. కాలుతున్నప్పుడు ఏమీ తెలియదు, కొన్ని గంటల తరువాత చూపు నడుమ మచ్చ కనిపిస్తుంది. మసి పట్టించిన గాజుపెంకులు కూడా రక్షణ కావు.

అయినా ఆ రోజు మా మేనత్త గ్రహణాన్ని చూసింది. మాది పెంకుటిల్లు. పడమటి వైపు పెంకుల సందుల్లోంచి ఎండ పడి, మామూలుగా గోడ మీద గుండ్రని చుక్కలు కనిపించేవి. ఆ మధ్యాహ్నం అవన్నీ నెలవంకలయ్యాయి. సన్నని సందుల్లోంచి పడే ఒక్కొక్క చుక్కా సూర్యుని బొమ్మేనని నేను కాలేజీలో చదువుకునేదాకా మా ఇంట్లో ఎవరికీ తెలియదు. పడుకున్నచోటు నుంచి ఆమె వాటిని లెక్కపెట్టి, పదిహేడు ఉన్నాయని నాకు చెప్పింది.