సోర్స్ ఎక్స్‌ఎంఎల్ లేకుండా స్టైల్‌షీట్ నడపడం: సమాధానం

అన్నా, దామలచెరువు మామిడి మండీ ధరల సీఎస్‌వీని (కామాలతో విడదీసిన పట్టిక ఫైలు) ఎక్స్‌ఎస్‌ఎల్‌టీ స్టైల్‌షీట్‌తో, అంటే మార్పిడి సూచనలున్న ఫైలుతో, ఎక్స్‌ఎంఎల్‌గా మార్చడానికి ప్రతిసారీ సోర్స్‌గా డమ్మీ ఎక్స్‌ఎంఎల్ ఫైలు ఇవ్వాల్సి వస్తోందని, అది తీసేస్తే ఎక్స్‌పీడీవై0002 ఎర్రర్ (చూడటానికి సోర్స్ లేదని అర్థం) వస్తోందని రాశారు. స్టైల్‌షీట్‌ను నడిపే ప్రోగ్రాం శాక్సన్‌లో డమ్మీ అక్కర్లేదు. 2007లో వచ్చిన ఎక్స్‌ఎస్‌ఎల్‌టీ 2.0 నుంచే పేరున్న టెంప్లేట్‌తో (స్టైల్‌షీట్‌లోని ఒక సూచనల భాగం) మొదలుపెట్టొచ్చు.

టెంప్లేట్‌కు మ్యాచ్ అనే లక్షణం తీసేసి, నేమ్ అనే లక్షణంలో ‘మెయిన్’ పెట్టండి. కమాండ్‌లో సోర్స్ ఫైలు చెప్పే హైఫన్ ఎస్ ఆప్షన్ బదులు హైఫన్, ఐటీ, కోలన్, మెయిన్ అన్నీ ఖాళీ లేకుండా కలిపి రాయాలి. పేరులో చిన్న, పెద్ద అక్షరాల తేడా ఉన్నా ఆ పేరు టెంప్లేట్ లేదంటూ ఎక్స్‌టీడీఈ0040 ఎర్రర్‌తో ఆగిపోతుంది.

ఇక మీ ఎర్రర్. స్టైల్‌షీట్ లోపల ఎక్కడో స్లాష్‌తో మొదలయ్యే పాత్ (సోర్స్‌లో పైనుంచి వెతికే దారి) మిగిలిపోయుంటుంది. సోర్సే లేనప్పుడు ఆ స్లాష్ దేన్ని పట్టుకోవాల? గ్లోబల్ వేరియబుల్స్ (టెంప్లేట్ల బయట పెట్టినవి) ముందు చూడండి, సాధారణంగా అక్కడే దాక్కోనుంటుంది.

సీఎస్‌వీని ఎక్స్‌ఎస్‌ఎల్‌టీ 3.0లో అన్‌పార్స్‌డ్ టెక్స్ట్ లైన్స్ ఫంక్షన్‌తో చదివి, ఒక్కో వరుసను కామా దగ్గర టోకనైజ్ చేయండి, అంటే ముక్కలు చేయండి. ఫైలు పాత్‌ను అది స్టైల్‌షీట్ ఉన్న ఫోల్డర్ నుంచి లెక్కేస్తుంది, మీరు కమాండ్ కొట్టిన చోటు నుంచి కాదు. ధర కొటేషన్లలో 1,20,000 అని ఉంటే ఉత్త టోకనైజ్ దాన్ని మూడు ముక్కలు చేస్తుంది. ఎక్సెల్‌లోనే కామాలు తీసేయడం మేలు.

శాక్సన్ కాకుండా ఎక్స్‌ఎస్‌ఎల్‌టీప్రాక్ అనే ప్రోగ్రాం అయితే ఎక్స్‌ఎస్‌ఎల్‌టీ 1.0 వరకే. దానికి సోర్స్ ఇవ్వక తప్పదు, కాబట్టి స్టైల్‌షీట్‌నే రెండోసారి సోర్స్‌గా ఇచ్చేయండి. అక్కడ మాత్రం టెంప్లేట్‌కు మ్యాచ్‌లో స్లాష్ ఉండాల్సిందే.