కొండలెక్కాలనే పిల్లాడు దుడుకువాడేనా?

ప్రశ్న: మా అబ్బాయి ఇంటర్ ఎంపీసీ సెకండియర్. ఏడాదిగా ఆదివారాలు భువనగిరి వెళ్లి రాక్ క్లైంబింగ్ నేర్చుకుంటున్నాడు. వెళ్లొచ్చిన రోజు హుషారుగా ఉంటాడు. రెండు వారాలు వెళ్లకపోతే ఒకటే చిరాకు. ఇప్పుడు పర్వతారోహణే నా కెరీర్ అంటున్నాడు. వీడి మనస్తత్వంలోనే ఏదైనా తేడా ఉందేమోనని టెన్షన్‌గా ఉంది. – ఒక తల్లి, నల్గొండ

జవాబు: అమ్మా, మీరు రాసినదాన్ని బట్టి తేడా అనుకోవాల్సింది నాకేమీ కనిపించలేదు. ఎత్తులు ఇష్టపడేవాళ్లందరినీ మనం దుడుకువాళ్ల కింద జమకట్టేస్తుంటాం. అమెరికా మనస్తత్వవేత్త మార్విన్ జుకర్‌మన్ 1960ల నుంచి ఈ స్వభావం మీదే పరిశోధన చేశారు. ఎత్తునూ వేగాన్నీ కోరుకోవడం, కొత్త అనుభవాల కోసం వెతకడం, పట్టపగ్గాలు లేకుండా ప్రవర్తించడం, తొందరగా విసుగెత్తిపోవడం... ఇలా నాలుగింటిని ఆయన విడివిడిగా కొలిచారు. మొదటిది ఎక్కువగా ఉన్నంత మాత్రాన మూడోది కూడా ఎక్కువగా ఉండాలనేం లేదు. మీ భయమంతా ఆ మూడోదాని గురించే, అంటే పట్టపగ్గాల్లేని ప్రవర్తన గురించే.

అమెరికా రాక్ క్లైంబర్ అలెక్స్ హానల్డ్ సంగతే చూడండి. 2017 జూన్ 3న కాలిఫోర్నియాలోని ఎల్ క్యాపిటన్ అనే దాదాపు 3,000 అడుగుల నిలువు బండను తాడు లేకుండా ఎక్కాడు. భయపెట్టే బొమ్మలు చూపిస్తూ అతని మెదడును స్కాన్ చేస్తే, భయానికి స్పందించాల్సిన భాగంలో పెద్దగా కదలికే లేదట. అలాంటి మనిషి కూడా అదే దారిని తాడు కట్టుకుని ఎన్నోసార్లు సాధన చేశాడు. 2016లో ఒకసారి ఎక్కడం మొదలుపెట్టి, నమ్మకం కుదరక మధ్యలోనే ఆపేశాడు. తాడు లేకుండా ఎక్కమని నేను ఎవరికీ చెప్పను. ఆ వెనక్కి తగ్గడం మాత్రం మీవాడికి తప్పకుండా చెప్పండి.

ఒక ఆదివారం మీరూ వాడితో వెళ్లండి. బండ మీద వాడి సాహసం కాదు, ఎక్కే ముందు కింద ఏం చేస్తాడో చూడండి. హార్నెస్ (నడుముకు, తొడలకు కట్టుకునే పట్టీ) బకిల్, తాడు ముడి రెండోసారి సరిచూసుకుంటున్నాడా? కోచ్ దిగమంటే దిగుతున్నాడా? ఈమధ్య ఎక్కలేక ఎప్పుడు తిరిగొచ్చావని అడగండి. దాచకుండా చెబితే నాకు ధైర్యమే. ఇంటి దగ్గర బైక్ ఎలా నడుపుతాడో కూడా గమనించండి.

చిరాకు సంగతి. క్లైంబింగ్‌కు కొన్నాళ్లు దూరమైతే చికాకు, వెలితి కలగడాన్ని పరిశోధకులూ గమనించారు. అది దానికదే జబ్బు కాదు. కానీ నిద్ర, తిండి, చదువు మూడూ చెడి, వారాల తరబడి మాటామంతీ లేకపోతే మాత్రం సైకాలజిస్టుకు చూపించడానికి వెనుకాడవద్దు.

ఇక కెరీర్. నిజామాబాద్ జిల్లా అమ్మాయి మాలావత్ పూర్ణ 2014లో పదమూడేళ్లకే ఎవరెస్ట్ ఎక్కింది. తొలి పాఠాలు నేర్చుకున్నది ఆ భువనగిరి గుట్ట మీదే. మీవాడికి ఇది తెలిసే ఉంటుంది. అయితే శిఖరాలు ఎక్కడం వల్ల జీతం రాదు, పైగా లక్షల్లో ఖర్చు. బతుకుతెరువు ఇచ్చేది శిక్షకుడి పని, ట్రెక్కింగ్ గైడ్, రెస్క్యూ లాంటివి. అందుకే డిగ్రీనో ఇంజినీరింగో ఆపకూడదు.

ఇంటర్ అయ్యాక సెలవుల్లో డార్జిలింగ్‌లోని హిమాలయన్ మౌంటెనీరింగ్ ఇన్‌స్టిట్యూట్‌లోనో, ఉత్తరకాశీలోని నెహ్రూ ఇన్‌స్టిట్యూట్‌లోనో బేసిక్ కోర్సు చేయనివ్వండి. సుమారు నాలుగు వారాలు. అందులో ఎ గ్రేడ్ వస్తేనే అడ్వాన్స్ కోర్సుకు తీసుకుంటారు. వాడి స్వభావం గురించి నాకన్నా, మీకన్నా ఆ శిక్షకులే బాగా చెప్పగలరు. సీట్లు చాలా ముందే నిండిపోతాయి, మెడికల్ సర్టిఫికెట్ కూడా అడుగుతారు. కాబట్టి ఈఏపీసెట్ (పాత ఎంసెట్) తేదీలకు అడ్డురాని బ్యాచ్ ఏదో ఇప్పుడే ఇద్దరూ కలిసి చూసుకోండి.