ఇంజన్ సామాను: కంపెనీదా, బయటిదా?

ప్రశ్న: మాది ఉప్పాడ. ఫైబర్ బోటుకు 9.9 హార్స్‌పవర్ టూ-స్ట్రోక్ పెట్రోలు ఔట్‌బోర్డు ఇంజన్ వాడుతున్నాం. కంపెనీ సామాను ధర చూస్తే గుండె గుభేలంటోంది. బయటి సామాను వేస్తే నష్టమా?

జవాబు: కొన్నిటికి నష్టమే, కొన్నిటికి ఏమీ కాదు. ఆ సామాను నడిసముద్రంలో పోతే దాంతోపాటు ఇంకేం పోతాయో ముందు చూసుకోండి.

ఇంపెల్లర్ మాత్రం కంపెనీదే వేయండి. గేరు కేసు మీద ఉండే ఈ చిన్న రబ్బరు చక్రమే ఇంజన్‌కు చల్లటి నీరు ఎక్కిస్తుంది. నాసిరకం రబ్బరైతే రెక్కలు వంగినవి వంగినట్టే బిగుసుకుపోతాయి. లేదా మధ్యలోని లోహపు బుష్ నుంచి రబ్బరు ఊడి, షాఫ్టు తిరుగుతున్నా చక్రం తిరగదు. నీరందక ముందు హెడ్ గాస్కెట్, ఆ వెనకే పిస్టన్ పోతాయి. ఇక్కడ మిగిల్చుకున్నది సిలిండర్ బోరింగు ఖర్చులో ఓ మూలకు కూడా రాదు.

ఏడాదికోసారి మార్చండి. వీలైతే కప్పు (ఇంపెల్లర్ తిరిగే గిన్నె), కింది ప్లేటు, గాస్కెట్, కీ (ఇంపెల్లర్‌ను షాఫ్టుకు పట్టి ఉంచే చిన్న లోహపు ముక్క) కలిసిన కిట్టే కొనండి. కప్పు లోపల గాడులు పడితే కొత్త ఇంపెల్లర్ వేసినా నీటిధార సన్నగానే వస్తుంది. రెక్కలకు సబ్బునీళ్లు రాసి, షాఫ్టును పైనుంచి చూస్తే గడియారం ముల్లు తిరిగే వైపు తిప్పుతూ పంపు హౌసింగును (కప్పు ఉండే పై డొక్కును) కిందికి నొక్కాలి. పాతదాని రెక్క విరిగి ఉంటే ఆ ముక్క దొరికేదాకా వెతకండి. లేకపోతే అది నీటిదారిలో ఇరుక్కుంటుంది. ఒడ్డున నీళ్లు లేకుండా ఇంజన్ స్టార్ట్ చేసి చూసే అలవాటుంటే, ఒరిజినల్ అయినా బతకదు!

హెడ్ గాస్కెట్, క్రాంక్ సీళ్లు, థర్మోస్టాట్ కూడా కంపెనీవే వేయండి.

స్పార్క్ ప్లగ్ సంగతి వేరు. ఇంజన్ కంపెనీలూ వాటిని ఎన్‌జీకే వంటి తయారీదారుల దగ్గర కొనేవే. మాన్యువల్‌లోని నంబరు అక్షరం తేడా లేకుండా ఉంటే బయట కొనండి. నకిలీలు తిరుగుతున్నాయి కాబట్టి నమ్మకమైన దుకాణంలోనే తీసుకోండి.

తుప్పు ఆపే ఆనోడ్ ముక్క బయటిదైనా ఫరవాలేదు. ఉప్పునీటికి జింకు లేదా అల్యూమినియం మిశ్రమం ఉండాలి. మంచినీటి మెగ్నీషియం ముక్క సముద్రంలో ఇట్టే కరిగిపోతుంది. సగం అరిగితే మార్చండి. దానిమీద రంగు మాత్రం వేయొద్దు.

పెట్రోలు గొట్టం, చేతిపంపు బల్బు చవకవైతే గాలి పీలుస్తాయి. టూ-స్ట్రోక్‌లో పెట్రోలు తగ్గితే దాంట్లో కలిపిన ఆయిలూ తగ్గి, పిస్టన్ పట్టేస్తుంది. ఎంత నొక్కినా బల్బు గట్టిపడకపోతే అనుమానించండి.

ప్రశ్న: స్కూటర్ టూటీ ఆయిల్ పోయొచ్చా?

జవాబు: వద్దు. అది గాలితో చల్లబడే ఇంజన్ల కోసం చేసింది. ఔట్‌బోర్డులో ప్లగ్గుల మీద బూడిద పేరుకుని, రింగులు ఇరుక్కుంటాయి. డబ్బా మీద టీసీ-డబ్ల్యూ3 (నీళ్లతో చల్లబడే టూ-స్ట్రోక్ ఇంజన్ల ఆయిల్) గుర్తున్నది ఏ కంపెనీదైనా పోయండి. మాన్యువల్ 50:1 అంటే 10 లీటర్ల పెట్రోలుకు 200 మిల్లీలీటర్లు.