ఆ టైంలో అక్కడికెందుకు వెళ్లావని అడిగిన నాన్నకి

ఉత్తరం సారాంశం: మాది రాజోలు దగ్గర పల్లె. ఆర్మీలో ఇరవై ఎనిమిదేళ్లు చేసి సుబేదారుగా రిటైరయ్యాను. ఒక్కతే కూతురు, 27 ఏళ్లు. చెన్నైలో ట్రైనింగ్ అయ్యి ఆఫీసరైంది, ఇప్పుడు కెప్టెన్. పై అధికారి ఒకరు కొన్నాళ్లుగా రాత్రిపూట వాట్సాప్‌లో పిచ్చి మెసేజీలు పెడుతున్నాడట. డిసెంబరు రెండో వారంలో నైట్ డ్యూటీలో ఉండగా ఆఫీసు గదికి పిలిచి తలుపు గడియ వేసి చేయి పట్టుకుని లాగాడట. తోసుకుని బయటపడింది. అంతకు మించి ఏమీ జరగలేదు. అంతర్వేది తీర్థానికి సెలవు మీద వచ్చినప్పుడు చెప్పింది. కంప్లయింటు ఇస్తానంటోంది. పైవాడి మీద కంప్లయింటు ఇస్తే ఆర్మీలో ఏమవుతుందో నాకు తెలుసు. ఈలోగా తణుకు నుంచి మంచి సంబంధం వచ్చింది. రాజీనామా చేయించి పెళ్లి చేసేయమంటారా, బదిలీ వచ్చేదాకా ఓర్చుకోమనమంటారా? పెళ్లివారికి ఈ సంగతి చెప్పాలా? నేను పనిచేసిన కల్నల్ సాబ్ ఒకాయన ఉన్నారు, ఆయన చేత అక్కడ ఒక మాట చెప్పిస్తే సరిపోతుందా?

సుబేదార్ గారూ,

అడిగినవాటికి ముందు జవాబు చెప్పేస్తాను. రాజీనామా వద్దు. ఓర్చుకోమనడం అసలే వద్దు. పెళ్లివారికి చెప్పాలో వద్దో తేల్చుకునేది ఆ పిల్ల, మీరు కాదు. కల్నల్ గారి జోలికి వెళ్లకండి. ఇక మీరు అడగని సంగతికి వద్దాం.

నాలుగు పేజీల ఉత్తరంలో మూడో పేజీ అడుగున, చేతికి వచ్చింది రాసినట్టు ఒక ముక్క రాశారు: "ఆ టైంలో ఆయన గదికి ఎందుకు వెళ్లావమ్మా అని మాత్రం అడిగాను. అప్పట్నుంచి నాతో మాట్లాడదు, ఏదున్నా వాళ్లమ్మతోనే." ఆ "మాత్రం" దగ్గర నేను చాలాసేపు ఆగిపోయానండి. మిగతా మూడున్నర పేజీలూ ఆ ఒక్క మాటని దాచిపెట్టడానికి రాసినట్టున్నాయి.

ఇరవై ఎనిమిదేళ్ల సర్వీసులో సాబ్ పిలిచాడంటే ఎందుకు సార్ అని ఎన్నిసార్లు అడిగారు మీరు? నైట్ డ్యూటీలో పై అధికారి రమ్మంటే పరుగున వెళ్లడమే కదా ఆ ఉద్యోగం. మీ అమ్మాయి కూడా అదే చేసింది. అది తప్పయితే మీరు ఇరవై ఎనిమిదేళ్లూ ఆ తప్పే చేశారు. వెళ్లకపోతే ఆజ్ఞ ధిక్కారం, వెళ్తే ఎందుకెళ్లావంటాం. ఈ మాట కాలనీలో పక్కింటావిడ అంటే తెలియక అందనుకోవచ్చు. యూనిఫాం వేసుకున్న మనిషి అన్నాడంటే ఆ పిల్లకి ఎంత తగిలి ఉంటుందో ఒక్కసారి చూడండి. ఏటిగట్టు కారుతోందని అర్ధరాత్రి ఎవరైనా పరిగెత్తుకొచ్చి చెబితే మన లంకల్లో ఇసుక బస్తాలు పట్టుకుని వెళతాం. అంత రాత్రప్పుడు నువ్వు గట్టు మీద ఏం చేస్తున్నావని ఎవరూ అడగరు.

ట్రైనింగ్ ముగిసిన రోజు ఆమె భుజాల మీద నక్షత్రాలు మీ ఇద్దరి చేతులతో పెట్టారని, వెంటనే ఒకడుగు వెనక్కి వేసి సెల్యూట్ కొట్టానని రాశారు. సుబేదారు తండ్రి ఆఫీసరు కూతురికి. చదివితే నాకే ఒళ్లు పులకరించింది. ఆ మనిషికే ఆ పిల్ల వచ్చి చెప్పుకుంది. అమ్మకి ముందు చెప్పి ఉండొచ్చు, మన ఇళ్లల్లో అదే మామూలు. నాన్నకే ఎందుకు చెప్పిందంటారు? అక్కడి మనుషులు ఎలా ఉంటారో ఇంట్లో ఇంకెవరికీ తెలియదు, మీకు తెలుసు. వివరించి చెప్పనక్కర్లేదనుకుంది.

ఇంకో ముక్క. "అంతకు మించి ఏమీ జరగలేదు" అని రెండు చోట్ల రాశారు. మీకెలా తెలుసు? చెప్పడం మొదలుపెట్టిన రెండో నిమిషంలోనే ప్రశ్న వేశారు, ఆమె ఆపేసింది. ఇలాంటివి ఎవరూ ఒక్కసారే చెప్పరు. కొంచెం చెప్పి ఎదుటివాడి మొహం చూస్తారు, తట్టుకుంటాడనిపిస్తే ఇంకొంచెం. ఏమీ మించి జరగకపోవచ్చు, జరగకూడదనే నేనూ కోరుకుంటున్నాను. కానీ ఆ వాక్యం మీ ధైర్యం కోసం మీరు రాసుకున్నది, ఆమె ఇచ్చిన వాంగ్మూలం కాదు. అలాగని ఇంకా ఏం జరిగిందని ఆరా తీయకండి. ఎప్పుడైనా చెబితే వినండి, అంతే.

మన వైపు ఇది కొత్త సంగతేమీ కాదు. కువైట్‌కీ మస్కట్‌కీ వెళ్లి ఇళ్లల్లో పనిచేసి వచ్చిన ఆడవాళ్లు కోనసీమలో, నరసాపురం పాలకొల్లు వైపు ఊరికి పదిమంది ఉంటారు. అక్కడ ఏం పడ్డారో వాళ్లు పంపిన డబ్బుతో వేసిన శ్లాబుల కింద పడుకున్నవాళ్లు ఎవరూ అడగలేదు. అడిగితే ఏదో ఒకటి చెయ్యాలి కదా మరి. మిలటరీ మాట వేరు, అక్కడ క్రమశిక్షణ ఉంటుందనుకుంటాం. తాడేపల్లిగూడెం దగ్గర మాధవరాన్ని మిలటరీ మాధవరం అని గర్వంగా చెప్పుకునే నేల ఇది. గర్వపడాల్సిందే. కానీ ఆ గర్వం మగపిల్లాడి ట్రంకుపెట్టెకి అలవాటు పడ్డది. వైద్యం, నర్సింగ్ కాకుండా మిగతా శాఖల్లోకి ఆడవాళ్లని ఆఫీసర్లుగా తీసుకోవడం 1992లో మొదలైంది, రిటైర్మెంటు దాకా సర్వీసులో కొనసాగే పర్మనెంట్ కమిషన్ మీద సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది 2020 ఫిబ్రవరిలో. మీరు చేరిననాటి ఆర్మీ వేరు, మీ అమ్మాయి చేరిన ఆర్మీ వేరు. నాకన్నీ తెలుసు అన్న మాట కొంచెం తగ్గించుకోండి.

మీకు తెలిసినంత మేరకే చూసినా, పైవాడి మీద కెప్టెన్ మాట ఎవరు వింటారన్న మీ భయం పూర్తిగా నిజం కాదు. 2018 డిసెంబరులో ఒక మేజర్ జనరల్‌ని సర్వీసు నుంచి తీసేయాలని సైనిక కోర్టు, అంటే కోర్టు మార్షల్, చెప్పింది. ఫిర్యాదు చేసింది కెప్టెన్ హోదాలో ఉన్న అమ్మాయే. విషయం జరిగింది 2016లో, అంటే తేలడానికి రెండేళ్లు పట్టింది. తేలిక అని నేను చెప్పను. ఆ రెండేళ్లూ ఆ పిల్ల పక్కన ఎవరుండి ఉంటారా అని మాత్రం అనుకుంటాను.

మీ ఉత్తరంలో ఏసీఆర్ గురించి, అంటే ఏటా పై అధికారి రాసే రహస్య రిపోర్టు గురించి, చాలా బెంగ ఉంది, ఆయన చేతిలో అమ్మాయి రిపోర్టు ఉంటుందని. దానికి దారి ఉంది. పనిచేసే చోట లైంగిక వేధింపుల మీద 2013లో వచ్చిన చట్టానికి రాసిన నిబంధనల్లో, విచారణ నడుస్తుండగా ఆ మనిషి ఆమె రిపోర్టు రాయకుండా ఆ పనిని వేరే అధికారికి అప్పగించమని ఫిర్యాదు విచారించే కమిటీ సిఫారసు చేయవచ్చని ఉంది. ఆమె లిఖితంగా కోరితే ఆమెనో అతన్నో బదిలీ చేయమనీ, ఆమెకి మామూలు సెలవులు కాక మూడు నెలల దాకా సెలవు ఇమ్మనీ సిఫారసు చేయవచ్చు. కమిటీకి పెద్ద హోదాలో ఉన్న మహిళ అధ్యక్షత వహించాలి, సగం మంది ఆడవాళ్లుండాలి, బయటి సంస్థ నుంచి ఒకరు ఉండాలి. విచారణ 90 రోజుల్లో ముగించాలి. పేర్లు బయట పెట్టకూడదు. రుజువు చేయలేకపోయినంత మాత్రాన ఫిర్యాదు అబద్ధమని ఆమె మీద చర్య తీసుకోకూడదు. రాజీ అంటే ఆమె కోరితేనే, అందులో డబ్బు మాట ఉండకూడదు. అంటే మీరు మీ కల్నల్ గారి చేత చెప్పిద్దామనుకున్న ఆ "ఒక మాట" ఉంది చూశారూ, దానికి చట్టంలో చోటు లేదు. పైగా ఆ ఫోను వెళ్లిన మర్నాడు అవతలివాడు మేలుకుంటాడు, సాక్షులతో మాట్లాడుకుంటాడు, మీ అమ్మాయి మీద ఏదో ఒక కాగితం తయారుచేస్తాడు.

తేదీ చూసుకోండి. ఆ చట్టం కింద ఫిర్యాదు ఇవ్వడానికి చివరి ఘటన జరిగిన రోజు నుంచి మూడు నెలలు. కారణం రాసి చూపిస్తే కమిటీ ఇంకో మూడు నెలలు ఇవ్వవచ్చు, కానీ దాని మీద ఆశ పెట్టుకోవద్దు. డిసెంబరు రెండో వారం అన్నారు. ఇది మీరు చదివేసరికి ఫిబ్రవరి ఆఖరు. బదిలీ వచ్చేదాకా ఓర్చుకోమన్న మీ సలహా ఆ పిల్ల విని ఉంటే ఈ దారికి అడ్డం పడేది మీరే.

పోలీసు దారి వేరుగా ఉంది. చేయి పట్టుకుని లాగడం భారతీయ న్యాయ సంహిత 74వ సెక్షన్ కిందికి వస్తుంది, ఏడాది నుంచి అయిదేళ్ల దాకా శిక్ష. ఎక్కడ జరిగినా ఏ స్టేషన్లోనైనా ఇవ్వవచ్చు, వాళ్లు అక్కడికి పంపుతారు. ఆ తర్వాత కేసుని మామూలు కోర్టులో నడపాలా, కోర్టు మార్షల్‌కి తీసుకోవాలా అని నిర్ణయించే అధికారం ఆర్మీ యాక్టు 125వ సెక్షన్ కింద ఆర్మీ అధికారులకుంది, ఇది మీకే నాకంటే బాగా తెలిసుండాలి. ఈ రెండు దారుల్లో ఏది పడతారో, రెండూ పడతారో, ఏదీ వద్దంటారో ఆమె ఇష్టం. లాయరు కావాలంటే జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఆడవాళ్లకి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచితంగా ఇస్తుంది, నంబరు 15100. రాత్రుళ్లు నిద్రపట్టడం లేదని మీ ఆవిడతో అందని రాశారు. 14416 టెలీ మానస్, మనసు బాగోలేనప్పుడు మాట్లాడే ప్రభుత్వ హెల్ప్‌లైను, ఫోను చేస్తే తెలుగులో మాట్లాడతారు. ఆ టెలీ మానస్‌కే సైనికుల కోసం పుణెలోని సైనిక వైద్య కళాశాల ఏఎఫ్ఎంసీలో 2023 డిసెంబరులో ప్రత్యేక విభాగం పెట్టారు. ఈ నంబర్లు ఆమెకి పంపి ఊరుకోండి, చేశావా లేదా అని రోజూ అడగొద్దు.

యూనిట్ అంటే కుటుంబం, కుటుంబం సంగతి బయట పెట్టకూడదు అని రాశారు కదా. అమెరికాలో వనెస్సా గియెన్ అని ఇరవయ్యేళ్ల సైనికురాలు ఉండేది, 2020లో ఫోర్ట్ హుడ్‌లో తోటి సైనికుడి చేతిలో చనిపోయింది. అంతకుముందు ఆమెని వేరొకడు, పైవాడు, వేధించాడు. ఇంట్లో చెప్పుకుంది, పైవాళ్లకి చెబితే కక్ష కడతారని భయపడింది. వేధింపు నిజమేననీ, తెలిసిన పైవాళ్లు పట్టించుకోలేదనీ ఆర్మీ విచారణలోనే తేలింది. ఆమె తల్లీ అక్కచెల్లెళ్లూ రోడ్డెక్కి కూర్చున్నారు. 2023 డిసెంబరు నుంచి అక్కడ అత్యాచారం లాంటి కేసుల్లో ప్రాసిక్యూషన్ నిర్ణయం కమాండర్ల చేతిలోంచి తీసేసి స్వతంత్ర సైనిక ప్రాసిక్యూటర్లకి ఇచ్చారు. ఆ మార్పు కోసం పోరాడింది కుటుంబమే, అయితే యూనిట్ అనే కుటుంబం కాదు, కన్నవాళ్లది.

నా సంగతి చెప్పాలంటే, కూతురి పరువు కాపాడుతున్నాననుకుంటూ తన పరువు కాపాడుకునే తండ్రుల ఉత్తరాలు నాకు కొత్త కాదు, వాళ్ల మీద నాకు పెద్దగా జాలి కూడా లేదు. మీ మీద మాత్రం కోపంతో పాటు కొంచెం నమ్మకం ఉంది. సెల్యూట్ కొట్టిన సంగతి అబద్ధం కాదు కదా.

ఫోను మీరు చేయండి. మీ ఆవిడని మధ్యలో పెట్టి "నాన్న బాధపడుతున్నారు" అని చెప్పించడం ఇవాళ్టితో ఆపండి. పాపం ఆవిడ నెల రోజులుగా ఇటు మాట అటు మోస్తోంది. ఆమె ఎత్తకపోతే మెసేజీ పెట్టండి, తెలుగులోనే: "ఆ రోజు నేను అడగకూడని మాట అడిగాను. తప్పు నాది. నువ్వు ఏం చేస్తానంటే దానికి నేనున్నాను." అంతకు మించి రాయకండి. "కానీ" అన్న మాట ఎక్కడా రానివ్వకండి. మీ ఆరోగ్యం, మీ బీపీ, అమ్మ ఏడుపు, ఇవేవీ అందులో వద్దు.

ఆమె మాట్లాడిన రోజున, సాయం కావాలంటే, మీ సర్వీసు అప్పుడు పనికొస్తుంది. ఆ రాత్రి డ్యూటీ రోస్టరు ఎక్కడుంటుందో, గేటు రిజిస్టరులో ఎవరి సంతకాలుంటాయో, సెంట్రీ ఎవరో తేల్చే మార్గం మామూలు తండ్రికి తెలియదు, మీకు తెలుసు. వాట్సాప్ మెసేజీలు చెరపకుండా ఇంకో చోట దాచుకోమనండి. తేదీలు, టైములు, ముందుగా ఎవరికి చెప్పుకుందో ఒక కాగితం మీద రాసుకోమనండి. కాగితం ఆమే రాయాలి, మీరు డిక్టేషన్ ఇవ్వకూడదు. అక్కడికి రమ్మంటే రైలెక్కండి. రమ్మనకపోతే టికెట్టు తీసుకుని ఊడిపడకండి.

తణుకు వాళ్లు లగ్నపత్రికకి ఎప్పుడొస్తామన్నారో ఆ రోజు వాయిదా వేయండి. ఎందుకని అడిగితే అమ్మాయికి సెలవు దొరకలేదని చెప్పండి, సెలవు మీద వచ్చి వెళ్లి నెలే కదా అయింది, ఎవరూ తప్పు పట్టరు. ఆ పెళ్లి సంగతి ఆమె ఎత్తేదాకా ఇంట్లో ఎవరూ ఎత్తకండి. అబ్బాయి జాతకం కూడా అలా బీరువాలోనే ఉండనివ్వండి.