డిగ్రీ వద్దు, కుక్కల గ్రూమింగ్ నేర్చుకుంటానంటున్న అమ్మాయి

ప్రశ్న: మేము అనంతపురం నుంచి వచ్చి బెంగళూరు మారతహళ్లిలో 18 ఏళ్లుగా ఉంటున్నాం. మా అమ్మాయి ఈ ఏడాది కామర్స్‌తో రెండో పీయూసీ (మన ఇంటర్ రెండో ఏడాది) పూర్తి చేసింది. ఇంట్లో ఉన్న షిట్జూ జాతి కుక్కకు స్నానం, కత్తిరింపు అన్నీ తనే చేస్తుంది. మొన్న ఏప్రిల్‌లో ఎండకు తాళలేకపోతోందని పక్కింటివాళ్ల గోల్డెన్ రిట్రీవర్‌కు కూడా ట్రిమ్మర్‌తో బొచ్చంతా తీసేసింది, వాళ్లు చాలా సంతోషించారు. ఇప్పుడు డిగ్రీ వద్దు, గ్రూమింగ్ కోర్సులో చేరతానంటోంది. ఫీజు ఎక్కువగానే ఉంది. కుక్కలకు స్నానాలు చేయించడానికా ఇంత చదివించామని మా ఆవిడ బాధపడుతోంది. ఏం చేయమంటారు?

జవాబు: మీ ఉత్తరంలో నేను రెండుసార్లు చదివింది పక్కింటి గోల్డెన్ రిట్రీవర్ సంగతి. మీరు దానిని అమ్మాయి చేతి నేర్పుకు ఉదాహరణగా రాశారు గానీ, ఆమెకు శిక్షణ ఎందుకు అవసరమో కూడా అదే చెబుతోంది. గోల్డెన్ రిట్రీవర్, లాబ్రడార్, హస్కీ, జర్మన్ షెపర్డ్, పొమరేనియన్ వంటి జాతులకు బొచ్చు రెండు పొరలుగా ఉంటుంది. పైన కాస్త గరుకైన వెంట్రుకలు, అడుగున దూది వంటి మెత్తని పొర. మనిషికి పట్టినట్టు కుక్కకు ఒళ్లంతా చెమట పట్టదు, అరికాళ్ల మెత్తల్లో కొద్దిగా పడుతుందంతే. అది ప్రధానంగా రొప్పుతూనే ఒళ్లు చల్లబరుచుకుంటుంది. కనుక బొచ్చంతా తీసేస్తే మనం అనుకున్నంత చల్లదనం దొరక్కపోగా, చర్మానికి ఎండ నేరుగా తగులుతుంది, మళ్లీ మొలిచే బొచ్చు అతుకుల బొంతలా హెచ్చుతగ్గులుగా రావచ్చు. ఎండాకాలంలో ఆ కుక్కకు చేయవలసిందల్లా రాలడానికి సిద్ధంగా ఉన్న అడుగు బొచ్చును దువ్వి, బ్లోయర్‌తో ఊది తీసేయడమే. మీ షిట్జూ సంగతి వేరు. దాని వెంట్రుకలు మన జుట్టులా పెరుగుతూనే ఉంటాయి కనుక రోజూ దువ్వాలి, నాలుగు నుంచి ఆరు వారాలకోసారి కత్తిరించాలి. ఇక మన కోస్తా జిల్లాల జోనంగి జాతి కుక్కకు పొట్టి బొచ్చు కావడంతో తడిగుడ్డతో తుడిచినా సరిపోతుంది. దానిని నమ్ముకుని ఏ సెలూనూ నడవదనుకోండి. ఏ బొచ్చు మీద కత్తెర పెట్టాలో, దేని మీద పెట్టకూడదో తెలుసుకోవడంతో ఈ విద్య మొదలవుతుంది. యజమాని స్వయంగా వచ్చి అంతా తీసేయమన్నప్పుడు నచ్చజెప్పి ఆపగలగడం కూడా అందులో భాగమే.

ఇంటి కుక్కకూ సెలూన్‌కు వచ్చే కుక్కకూ ఉన్న తేడా ఆమె ఇంకా చూడలేదు. నిరుడు ఇదే ప్రశ్నతో వచ్చిన ఒక కుర్రవాడిని వెంటబెట్టుకుని ఇందిరానగర్ వైపు ఒక సెలూన్‌లో ఒక పూటంతా కూర్చున్నాను. చెవుల వెనుక, చంకల్లో బొచ్చు ఉండలు కట్టిన లాసా ఆప్సోను తీసుకువచ్చారు. ఇంట్లో దువ్వకుండానే స్నానం చేయించారట. తడిస్తే చిక్కు మరింత బిగుసుకుంటుంది. గ్రూమర్ నీళ్ల జోలికి పోకుండా, ఉండ మొదట్లో వెంట్రుకలను రెండు వేళ్లతో గట్టిగా పట్టుకుని, లాగినా ఆ లాగుడు చర్మానికి తెలియకుండా, కొసల నుంచి మొదలుపెట్టి స్టీలు దువ్వెనతో కొద్దికొద్దిగా విప్పుతూ వచ్చాడు. ఒక్క చెవికే ఇరవై నిమిషాలు పట్టింది. చంకలోది ఇక విడదని తేల్చుకున్నాక క్లిప్పర్ అందుకుని, మధ్యమధ్య బ్లేడును తన మణికట్టు లోపలి వైపు ఆనించి చూసుకున్నాడు, ఎందుకంటే ఆడుతున్న కొద్దీ బ్లేడు వేడెక్కి కుక్క చర్మాన్ని కాల్చగలదు. తరువాత గోళ్లు. నల్లగోరులో నెత్తురు నరం ఎక్కడిదాకా వచ్చిందో పైకి కనబడదు కనుక, అతను ఉల్లిపొర మందాన తీస్తూ పోయి, కోసిన చోట గోరు నడుమ ముదురు చుక్క కనబడగానే ఆగిపోయాడు. నేను తీసుకువెళ్లిన కుర్రవాడు అప్పటికే బయటి మెట్ల మీద కూర్చుని ఫోను చూసుకుంటున్నాడు. అతనికి కావలసిన జవాబు ఆ పూటే దొరికింది.

అందుచేత కోర్సు ఫీజు కట్టకముందే మీ అమ్మాయిని మూడు నెలలు ఏదైనా సెలూన్‌లో సహాయకురాలిగా పెట్టండి. జీతం తక్కువ ఇచ్చినా ఫరవాలేదు. ఆమెకు కత్తెర ఇవ్వరు. స్నానం చేయించడం, ఆరబెట్టడం, నేల ఊడవడం, తువ్వాళ్లు ఉతకడం ఆమె వంతుకు వస్తాయి. రోజంతా నిలబడితే నడుము ఏమంటుందో, మొరుగుడు మధ్య తల ఎలా ఉంటుందో, వెంట్రుకలు ముక్కులోకి పోతుంటే భరించగలదో లేదో అక్కడే తేలుతుంది. పగ్ వంటి చప్పిడి ముక్కు కుక్కలు వేడిని తట్టుకోలేవని, వాటిని డ్రయ్యర్ ముందు వదిలి పక్కకు పోకూడదని ఆమె చేతికే తెలుస్తుంది. పనిలో చేరేముందు డాక్టరును అడిగి రేబిస్‌కు ముందస్తు టీకా వేయించండి. టీకా వేయించుకున్నా సరే, కుక్క కరిచినా గీరినా గాయాన్ని పారే నీటి కింద సబ్బుతో 15 నిమిషాలు కడుక్కుని వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. ఈ విషయంలో ఎవరి మొహమాటానికీ పోవద్దని ఆమెకు చెప్పండి.

మీ ఆవిడ గారి బాధను నేను తేలికగా తీసుకోను; పెళ్లి సంబంధాల మాట వచ్చినప్పుడు అమ్మాయి ఏం చేస్తుందని అడిగితే ఏం చెప్పాలన్న ప్రశ్న ఆ బాధ వెనుక ఉండే ఉంటుంది. ఆమెతో ఒక్క మాట చెప్పండి. యజమాని రోజూ తల నిమిరినా, నెలకోసారి ఆ కుక్క ఒంటి మీద అంగుళం అంగుళం తడిమే చేయి గ్రూమర్‌ది. వేళ్ల సందున దాక్కున్న పిడుదులు, చెవి నుంచి వచ్చే పులిసిన వాసన, బొచ్చు కింద కొత్తగా తేలిన గడ్డ చాలాసార్లు ముందుగా ఆ చేతికే తగులుతాయి. చూసి చెప్పడం వరకే గ్రూమర్ హద్దు. వైద్యం చేసే అధికారం 1984 నాటి ఇండియన్ వెటర్నరీ కౌన్సిల్ చట్టం కింద నమోదైన పశువైద్యులదే. ఆ పశువైద్య డిగ్రీకి బయాలజీ కావాలి, అయిదున్నరేళ్లు పడుతుంది. కామర్స్ చదివిన అమ్మాయికి ఆ దారి ఇప్పుడు తెరిచి లేదు కనుక హెబ్బాళ పశువైద్య కాలేజీ ఊసు ఎవరైనా ఎత్తినా అక్కడితో వదిలేయండి.

బీకాం మాత్రం మాన్పించవద్దు. రెగ్యులర్ కాలేజీ వీలు కాకపోతే ఇగ్నో వంటి దూరవిద్యలోనైనా చేర్పించండి. ఈ పనిలో కాస్త అనుభవం వచ్చినవాళ్లు సొంతంగా పెట్టుకోవాలని చూస్తారు, అప్పుడు ఆ లెక్కల చదువు అక్కరకు వస్తుంది. షిట్జూ వంటి కుక్కకు స్నానం నుంచి కత్తిరింపు దాకా చేయడానికి రెండు గంటలకు పైగానే పడుతుంది కాబట్టి ఒక మనిషి రోజుకు చేయగలిగేది మూడు నాలుగు కుక్కలు. మీ చుట్టుపక్కల సెలూన్లలో గోడ మీద ఉన్న ధరల పట్టికను ఆ సంఖ్యతో గుణించి, అద్దె, నీళ్ల ట్యాంకరు, కరెంటు తీసేసి చూసుకుంటే కోర్సు అమ్మేవాళ్లు చెప్పే ఆదాయంలో ఎంత నిజముందో మీకే తెలుస్తుంది. సొంతంగా పెట్టే రోజు వస్తే చిన్న వ్యాపారాలకు ప్రభుత్వం చేసే ఉద్యమ్ నమోదు ఉచితం, ముద్ర పథకంలో 'శిశు' విభాగం కింద 50,000 రూపాయల వరకు, 'కిశోర్' కింద 5 లక్షల వరకు అప్పు దొరుకుతుంది. ఇళ్లకు వెళ్లి చేసే పని అయితే మొదటి రెండేళ్లూ ఒంటరిగా పంపకండి, వ్యాన్‌లో ఇంకో మనిషి ఉండాలి.

కోర్సు ఎంచుకునేటప్పుడు సర్టిఫికెట్ మీద ముద్ర ఎవరిదని అడిగే బదులు, విద్యార్థి స్వయంగా ఎన్ని కుక్కలకు చేస్తుంది, అందులో ఎన్ని రకాల బొచ్చులుంటాయి, ఒక టేబుల్‌కు ఎందరు విద్యార్థులని అడగండి. కుక్కపిల్లలను ఎలా అలవాటు చేస్తారో కూడా అడగండి. టీకాలు పూర్తికాని పిల్లను సెలూన్‌కు రమ్మనే చోటికి వెళ్లవద్దు. ఆ వయసులో పిల్లకు ఇంట్లోనే రోజూ కాళ్లు పట్టుకోవడం, చెవులు తాకడం, దూరంగా డ్రయ్యర్ శబ్దం వినిపించడం చేయించమని యజమానికి నేర్పే గ్రూమర్ మంచి గురువు. ఆ అభ్యాసం మీ అమ్మాయి ఇంట్లోనే మొదలుపెట్టవచ్చు. ఒక్కటి మాత్రం, మనుషుల షాంపూ వాడుతుంటే మాన్పించండి, కుక్క చర్మానికి అది పొసగదు.

ఈ ఆదివారం ఆమెను పక్కింటికి పంపి, తను చేసిన పొరపాటు తనే చెప్పి, బొచ్చు తిరిగి పెరిగేదాకా ఆ కుక్కను మధ్యాహ్నపు ఎండలోకి తీసుకువెళ్లవద్దని కోరమనండి. నెలకోసారి వెళ్లి దువ్వి, వెన్ను మీద, తొడల మీద బొచ్చు ఎలా వస్తోందో ఫోటో తీసి తేదీ వేసి పెట్టుకోమనండి. సెలూన్‌లో పని అడగడానికి వెళ్లేటప్పుడు ఆ ఫోటోలు వెంట తీసుకువెళ్లవచ్చు.